లేవలేని రోజును లెక్కలోకి తీసుకుని పిల్లి వైద్యం అమర్చుకోండి

మీకు కీళ్లవాతం, పిల్లికి కిడ్నీ జబ్బు బయటపడింది, ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించమన్నారు, నావల్ల అవుతుందా లేక ఎవరికైనా ఇచ్చేయాలా అని అడిగారు. నాకూ రుమటాయిడ్ ఆర్థ్రైటిసే, మా పిల్లిదీ అదే జబ్బు, ఇప్పుడు మూడో స్టేజి. మీవల్ల అవుతుంది. కాకపోతే ఓపిక ఉన్న రోజును చూసి ఏర్పాట్లు చేసుకుంటే త్వరలోనే కూలబడతారు. మంచం దిగలేని రోజున ఎంత చేయగలరో అంతే మీ శక్తి అనుకుని మొదలుపెట్టండి.

ముందుగా వెటర్నరీ డాక్టరును సూటిగా అడగవలసింది ఒకటుంది: వీటిలో ఏది అస్సలు తప్పకూడదు, ఏది ఒక పూట వెనక్కి జరిగినా ఫరవాలేదు? మా పిల్లి విషయంలో బీపీ మాత్ర మానకూడదు, సెలైన్ కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు అన్నారు. మీ పిల్లికి వేరేలా చెప్పవచ్చు. కాగితం మీద రాయించుకోండి. ఒళ్లు నొప్పులతో ఉన్నప్పుడు అన్నీ ప్రాణం మీదికి వచ్చినట్టే కనిపిస్తాయి.

మన జబ్బుకు వేళ్లు బిగుసుకుపోయేది పొద్దున్నే కదా. సెలైన్ పొద్దున్నే పెట్టాలని నియమమేమీ లేదు, నేను సాయంత్రానికి మార్చుకున్నాను. సంచిని ఎత్తుగా కొక్కేనికి తగిలిస్తే దానంతటదే దిగుతుంది. సిరంజితో నెట్టడం బొటనవేలికి శిక్ష. సంచిని కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూస్తాను. చల్లగా ఉంటే ఆ మహారాణి కూర్చోదు. భుజాల మధ్య వదులు చర్మాన్ని పైకెత్తితే చిన్న గుడారంలా లేస్తుంది, సూది దాని అడుగున గుచ్చాలి. బొటనవేలు సహకరించని రోజు చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ చర్మాన్ని ఇరికించి పట్టుకుంటాను. తర్వాత అక్కడ ఉబ్బుతుంది, ఒక్కోసారి ఆ నీరు ముందు కాలి వైపు జారుతుంది. కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. మళ్లీ ఎక్కించే వేళకు కూడా ఉబ్బు తగ్గకపోయినా, పిల్లి వేగంగా ఊపిరి తీస్తున్నా ఎక్కించకుండా డాక్టరుకు ఫోను చేయండి.

ఎవరూ ముందుగా చెప్పనిది మన మందుల సంగతి. పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అసలే దెబ్బతిన్న కిడ్నీలను ఇంకా పాడుచేస్తాయి. చేతులకు రాసుకునే పూత మందులూ అంతే. ఫ్లర్బిప్రోఫెన్ అనే నొప్పి మందు కలిసిన పూత మందు యజమానులు వాడిన ఇళ్లలో పిల్లులు జబ్బుపడి చనిపోయాయని 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అందుకే నేను పూత మందు రాసుకుంటే కాటన్ గ్లవ్స్ తొడుక్కుంటాను, వాటిని పిల్లికి అందేలా ఎక్కడా వదిలేయను.

మీరు మెథోట్రెక్సేట్ లాంటి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకు పెట్టే పళ్లెం) వేరొకరు శుభ్రం చేస్తే మేలు. తప్పనిసరైతే గ్లవ్స్‌తో, ప్రతిరోజూ. పిల్లి నుంచి మనకు సోకగల టాక్సోప్లాస్మా క్రిమి మలంలో అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి ఆలోపే తీసేయాలి. కరిచినా, లోతుగా రక్కినా సబ్బుతో కడిగి అదే రోజు మీ డాక్టరుకు చెప్పండి.

పిల్లికి ఇచ్చే మాత్రను కిడ్నీ జబ్బు కోసం పెట్టే ప్రత్యేక ఆహారంలో మాత్రం కలపకండి. చేదు తగిలితే ఆ ఆహారం మీదే విరక్తి పుడుతుంది. పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే చూద్దాంలే అనుకోవద్దు, అలాగే సాగితే కాలేయం దెబ్బతినవచ్చు. బరువు వారానికోసారి చూస్తే చాలు: పిల్లిని ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి మీ బరువు చూసుకోండి, ఆ తేడాయే పిల్లి బరువు.

ఇక ఇచ్చేయడం గురించి. అది నేరమేమీ కాదు. కానీ జబ్బుపడిన పిల్లి కొత్త ఇంట్లో తిండి మానేసే ప్రమాదం ఎక్కువ, తీసుకునేవాళ్లూ తక్కువ. దానికన్నా సాయం చేసే మనిషి ఒకరిని చూసుకోవడం తేలిక. వారానికి ఒక పూట వచ్చి సెలైన్ ఎక్కించినా పెద్ద ఊరట. మీరు బాగున్నప్పుడే వాళ్లతో ఒకసారి మీ ఎదుటే చేయించండి. మందుల పేర్లు, మోతాదులు, డాక్టరు నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. మీరు ఆసుపత్రిలో ఉంటే పిల్లి వైద్యం గురించి ఎవరు నిర్ణయించాలో క్లినిక్‌లో ముందే రాసి ఇవ్వండి.