లిమిట్లు ఎత్తేసే ముందు, వేగాన్ని ఎవరు ఆపుతున్నారో చూడు

అమ్మడూ,

నీ ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించిందని, ఈ ఆదివారం నువ్వే విప్పి బాగుచేస్తానంటున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం వేసింది. చిన్నప్పటి నుంచీ ఏ మూత కనిపించినా లోపలేముందో చూడందే ఊరుకోవు. కానీ ఏదో వీడియో చూసి, థ్రాటిల్‌స్టాప్ అనే, ప్రాసెసర్ వేగం లిమిట్లు మార్చే సాఫ్ట్‌వేర్‌లో ‘బీడీ ప్రాక్‌హాట్’ టిక్కు తీసేస్తానన్నావట. ఆ మాట విన్నాక మనసు ఆగలేదు.

ముందు చిన్న సంగతులు. ఊరికే ఉన్నప్పుడు ప్రాసెసర్ స్పీడు 0.8 గిగాహెర్ట్జ్ చూపిస్తే అది జబ్బు కాదు, పొదుపు. పని పెట్టి చూడాలి. విండోస్ పవర్ మోడ్‌ని ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’కి మార్చు. పవర్ ప్లాన్‌లో ‘మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ 99 శాతం ఉందేమో చూడు. ఆ ఒక్క శాతం తగ్గితే చాలు, టర్బో, అంటే పని పడ్డప్పుడు మామూలు కంటే పైకెళ్లే వేగం, ఆగిపోతుంది. లినక్స్‌లో వేగాన్ని నడిపించే సెట్టింగ్, గవర్నర్, ‘పవర్‌సేవ్’ అని కనిపిస్తే కంగారుపడకు. ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్‌లో ఆ పేరుతోనే టర్బో దాకా వెళ్తుంది.

తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే, లోపలి కొలతలు చూపించే సాఫ్ట్‌వేర్ తెరిచి, ప్రాసెసర్ మీద పూర్తి లోడ్ పెట్టి స్పీడు, వేడి, వాట్లు మూడూ పక్కపక్కన చూడు. వేడి 95, 100 డిగ్రీలకు తగలగానే స్పీడు పడి, చల్లబడగానే లేస్తుంటే దుమ్మో, ఎండిన థర్మల్ పేస్టో కారణం. వేడి 70 దగ్గరే ఉండి, అర నిమిషం తర్వాత వాట్లు 15 దగ్గరో 25 దగ్గరో నిలిచిపోతే అది తయారీదారు పెట్టిన పవర్ లిమిట్. చెడిపోయిందేమీ లేదు.

అసలు భయం మూడోదానితో. వేడి 45 డిగ్రీలే, లోడ్ మాత్రం వంద శాతం, స్పీడు 0.4 దగ్గరో 0.8 దగ్గరో మేకు కొట్టినట్టు కదలదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ ప్రాసెసర్ పవర్ పేరుతో 37వ నంబరు హెచ్చరిక కూడా ఉంటే, ఫర్మ్‌వేరే, అంటే బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేరే, వేగాన్ని కట్టేస్తోందన్నమాట. ఇక్కడే ఎక్కువమంది తప్పుచేస్తారు. ప్రాక్‌హాట్ అంటే ప్రాసెసర్ ఒక తీగ మీద ఇచ్చే వేడి హెచ్చరిక. బీడీ అంటే ఆ తీగ రెండువైపులా పనిచేస్తుందని. ఛార్జింగ్ చిప్పు, ప్రాసెసర్‌కి కరెంటు అందించే వోల్టేజ్ రెగ్యులేటర్లు, ఫ్యాన్నీ ఛార్జింగ్‌నీ చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్ చిప్పు, వీటిలో ఏదైనా అదే తీగ మీద ‘తగ్గు’ అని చెప్పగలదు. టిక్కు తీసేస్తే ప్రాసెసర్ ఆ మాట వినడం మానేస్తుంది. వేగం వెంటనే తిరిగొస్తుంది, అందుకే పని అయిపోయిందనుకుంటారు. ప్రాసెసర్‌కి ఏమీ కాదు, తన వేడిని అది తానే చూసుకుంటుంది. కాలేది పక్కనున్నవి. 65 వాట్లు కావాల్సిన మెషీన్‌కి 45 వాట్ల ఛార్జర్ పెట్టి టిక్కు తీస్తే, అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కవచ్చు. ప్లగ్ పెట్టి ఉన్నా బ్యాటరీ దిగిపోవచ్చు. ఆ టిక్కుని స్టార్టప్‌లో పెట్టి మరిచిపోతే ఇక ఏ హెచ్చరికా నీదాకా రాదు. ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ, గట్టిగానే చెబుతున్నాను. కారణం తేల్చుకోవడానికి ఒక్క నిమిషం తీసి చూసి, వెంటనే తిరిగి పెట్టెయ్యి. అంతవరకే.

దాని బదులు కారణం వెతుకు. బయోస్‌లో అడాప్టర్ ఎన్ని వాట్లని చూపిస్తోంది? ‘అన్‌నోన్’ అనుంటే ఛార్జర్‌ని మెషీన్ గుర్తుపట్టడం లేదు. కొన్ని ఛార్జర్ల గుండ్రటి పిన్ను మధ్యలో సన్నటి సూది ఉంటుంది. ఛార్జర్ ఎన్ని వాట్లదో చెప్పేది అదే. అది వంగినా, లోపల తీగ తెగినా ల్యాప్‌టాప్ భయపడి నెమ్మదిస్తుంది. అసలు వాటేజ్ ఉన్న మరో ఛార్జర్ పెట్టి చూడు. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీదా చూడు. అప్పుడు స్పీడు లేస్తే దోషం ఛార్జర్ వైపే. బ్యాటరీ బలహీనమైనా ఇలాగే జరగొచ్చు, ఎందుకంటే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాల్సినప్పుడు ఛార్జర్‌కి సాయం చేసేది అదే. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ’ కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘బ్యాటరీరిపోర్ట్’ అని కొడితే మొదట్లో కెపాసిటీ ఎంత, ఇప్పుడెంత అనేది వస్తుంది. ఛార్జరూ బ్యాటరీ మంచివే అయినా స్పీడు కదలకపోతే బోర్డు మీద సెన్సారో రెగ్యులేటరో పోయి ఉండొచ్చు. అది బోర్డు రిపేరు తెలిసినవాళ్ల పని.

వేడే కారణమని తేలితేనే విప్పు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగుభాగం బల్లమీద సమంగా కూర్చోకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఛార్జింగ్ పెట్టకు, గుచ్చకు, వంచకు, ఆ పని అక్కడితో ఆపెయ్యి. అలా లేకపోతే షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, మూత విప్పగానే అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయి. ఫ్యాన్ రెక్కలు వేలితో పట్టుకుని గాలి కొట్టు, తిరగనిస్తే బేరింగు పాడవుతుంది. దుమ్ము ఎక్కువగా ఫ్యాన్‌కీ హీట్‌సింక్ రేకులకీ మధ్య పొరలా కడుతుంది, అక్కడ చూడు. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్పు మీద పల్చగా కొత్తది పెట్టు. థర్మల్ ప్యాడ్ ఉన్నచోట పేస్టు పనికిరాదు. ప్యాడ్ మందం లేకపోతే చిప్పుకీ రేకుకీ మధ్య ఖాళీ మిగులుతుంది. స్క్రూలు పక్కనున్న నంబర్ల వరసలో కొంచెం కొంచెంగా బిగించు.

శనివారానికల్లా నాలుగు సంగతులు రాసి పంపు: లోడ్‌లో వేడి ఎంత, వాట్లు ఎన్ని, ఛార్జర్ మీద స్పీడెంత, బ్యాటరీ మీద స్పీడెంత. అవి చూశాక విప్పాలో వద్దో చెబుతాను. అందాకా స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు.

మీ అత్త