సమాధానం: టెలిస్కోప్‌తో సూర్యుణ్ణి చూస్తుంటే ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) ఫిల్టర్ పగిలింది, ఇంకొకటి కొనాలా?

వద్దు. అది పగిలింది పెట్టిన చోటు వల్ల. ఐపీస్‌కి బిగించే ఆ నల్ల అద్దం మీద టెలిస్కోప్ ముందున్న మీ 70 ఎంఎం లెన్స్ పోగుచేసిన వేడంతా పడుతుంది, భూతద్దంతో కాగితం కాల్చినట్టే. పగిలినప్పుడు మీ అబ్బాయి కన్ను అక్కడ లేదన్నారు, అదే చాలు. మిగిలిన ముక్క కూడా పారేయండి.

1. ట్యూబు ముందు మూతిని మొత్తం కప్పే సోలార్ ఫిల్టర్ కొనండి. 99.999 శాతం వెలుగును లోపలికి రాకముందే ఆపేది కావాలి. గ్రహణం కళ్లద్దాలు, ఎక్స్‌రే ఫిలిం పనికిరావు.

2. వాడే ప్రతిసారీ టార్చికి ఎదురుగా పట్టి చూడండి. సూదిమొనంత చుక్క మెరిసినా వాడొద్దు. అంచు చుట్టూ టేపు వేయండి, అనంతపురం మిద్దెల మీద గాలి తెలిసిందే కదా.

3. అందరూ మరిచేది ఫైండర్. గురి చూడటానికి పక్కనుండే ఆ చిన్న గొట్టానికి ఫిల్టర్ ఉండదు, అందులోంచి చూసినా కన్ను పోతుంది. మూత పెడితే పిల్లలు తీసేస్తారు. ఊడదీసి జేబులో వేసుకోండి.
మరి గురి ఎలా? నేల మీద ట్యూబు నీడ చూస్తూ తిప్పండి. పొడుగు నీడ కురచై గుండ్రంగా మారితే సూర్యుడు దొరికినట్టే.

4. 25 ఎంఎం ఐపీస్‌తో, పొద్దున ఎనిమిదిన్నర లోపు చూడండి. మిద్దె కాలిందంటే బింబం అంచు నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది, సూర్యుడి మీది చిన్న మచ్చలు కనపడవు.

బాబును టెలిస్కోప్ దగ్గర ఒంటరిగా వదలకండి.