పేరూ అప్పూ ఒకే రోజు విడిపోవాలి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 35 ఏళ్ళు. రేణిగుంట దగ్గర ఒక కంపెనీలో పని చేస్తున్నాను. పెళ్ళి చేసుకోకుండానే ఒకాయనతో ఏడేళ్ళు కలిసి ఉన్నాను. 2019లో తిరుచానూరు రోడ్డులో ఇద్దరి పేరుమీద డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాం, 42 లక్షలకి. లోను 30 లక్షలు, ఇద్దరం సంతకాలు పెట్టాం. చేతి నుంచి పెట్టిన 12 లక్షల్లో 8 నావి. అందులో మా అవ్వ కాసులపేరు అమ్మిన డబ్బు కూడా ఉంది. ఈఎంఐ ఆయన ఖాతాలోంచి పోయేది. నెలనెలా నా సగం 13 వేలు ఆయనకి పంపి టీటీడీ డైరీలో రాసుకునేదాన్ని. పోయినేడాది ఆయన బెంగళూరు వెళ్ళిపోయాడు. 11 నెలలుగా 26 వేలూ నేనొక్కదాన్నే కడుతున్నా. ఇప్పుడు ఫోన్ చేసి, ‘నా సగం డబ్బు ఇవ్వు, లేదంటే ఎవరికో ఒకరికి అమ్ముకుంటా, ఇల్లు ఖాళీ చెయ్యి’ అంటున్నాడు. పుత్తూరులో ఉన్న అమ్మానాన్నలకి ఇవేవీ తెలియవు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నేను వెళ్ళిపోవాల్సిందేనా?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: వెళ్ళక్కర్లేదమ్మా. ముందు ఈ మాట విని కాస్త ఊపిరి పీల్చుకోండి. సేల్ డీడ్‌లో మీ పేరుంది, ఆ ఇంటికి మీరూ యజమానే. ఒక యజమాని ఇంకో యజమానిని ఫోన్లో ఖాళీ చేయించలేడు. పైగా పెళ్ళిలాంటి సహజీవనంలో ఉన్న స్త్రీకి 2005 నాటి గృహహింస చట్టం కూడా ఆ ఇంట్లో ఉండే రక్షణ ఇస్తుంది. బెదిరింపు ముదిరితే అది వాడుకుందాం. ఇప్పుడే అక్కర్లేదు.

అయితే ‘నా సగం ఎవరికో ఒకరికి అమ్ముకుంటా’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. చట్టప్రకారం తన వాటా అమ్ముకునే హక్కు ఆయనకుంది. ఉమ్మడి కుటుంబం ఇల్లయితే, బయటివాడు వాటా కొన్నా లోపలికొచ్చి కాపురం పెట్టడానికి వీల్లేదని ఆస్తి బదిలీ చట్టం అడ్డుపడుతుంది. పెళ్ళి లేని మీ ఇద్దరికీ ఆ రక్షణ లేదు. లోను తీరేదాకా ఒరిజినల్ కాగితాలు బ్యాంకులోనే ఉంటాయి కాబట్టి అంత సులువుగా కొనేవాడు దొరకడు, అంతే.

మీ సేల్ డీడ్ కాపీ తీసి ఒకసారి చూడండి. ఎవరికెంత వాటా అని రాసుందా? చాలామంది రాయించుకోరు. రాయకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఎవరు పెట్టిన డబ్బును బట్టి వాళ్ళ వాటా. ఎంత పెట్టారో రుజువు లేకపోతే చెరిసగం అనుకుంటారు. అందుకే మీ డైరీ నాకు అంత విలువైనదిగా కనిపిస్తోంది. కానీ డైరీ ఒక్కటే చాలదు. అందులో రాసిన ప్రతి 13 వేలకీ ఎదురుగా మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అదే తేదీన ఒక లైను ఉండాలి. 2019 నుంచి స్టేట్‌మెంట్లు తీయించి, పక్కపక్కన పెట్టుకుని, పెన్సిల్‌తో టిక్కులు పెట్టండి. ఒక ఆదివారం పడుతుంది. చేయండి.

ఇక లెక్క. మీ బ్లాక్‌లో ఈమధ్య అమ్ముడుపోయిన ఫ్లాట్ల ధర కనుక్కోండి. 60 లక్షలు అనుకుందాం, లోను బాకీ 25. మిగిలేది 35 లక్షలు. ముందుగా ఎవరు పెట్టిన అడ్వాన్సు వాళ్ళకి, అంటే మీకు 8, ఆయనకి 4. మిగతా 23 లక్షలు చెరిసగం. మీకు 19.5, ఆయనకి 15.5 లక్షలు వస్తాయి. ఈ 11 నెలలు మీరొక్కరే కట్టిన 2,86,000లో ఆయన సగం 1,43,000 తగ్గిస్తే ఆయనకి మీరివ్వాల్సింది 14,07,000. ‘నువ్వొక్కదానివే ఇంట్లో ఉన్నావు కదా, అద్దె లెక్క కట్టు’ అని ఆయన అడగొచ్చు. ఆ మాటకి సిద్ధంగా ఉండండి. కొంచెం తగ్గి ఒప్పుకున్నా నష్టం లేదు. కోర్టు చుట్టూ తిరిగే ఏళ్ళ కంటే అది చవక.

ఇక్కడ నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. చాలా ఏళ్ళ క్రితం ఒకమ్మాయి తన వాటా వదులుకుంటూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టేసి, డబ్బు తీసుకుని, సంతోషంగా వెళ్ళిపోయింది. లోను కాగితంలో పేరు అలాగే ఉండిపోయింది. నాలుగేళ్ళ తర్వాత వాళ్ళ నాన్నకోసం ఇంటి లోనుకి వెళ్తే, అవతలివాడు ఎగ్గొట్టిన ఈఎంఐలన్నీ ఈమె సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే అప్పుల చిట్టాలో, కూర్చుని ఉన్నాయి. నా ముందు కూర్చుని ఏడ్చిన ఆ పిల్ల ముఖం నాకింకా గుర్తే. లోను మీద ఇద్దరూ సంతకం పెడితే, బ్యాంకు మొత్తం బాకీని ఎవరి దగ్గర్నుంచైనా వసూలు చేసుకోవచ్చు. సగం నాది, సగం నీది అన్నది మీ ఇద్దరి మధ్యే. అందుకే ఇంటి మీద ఆయన పేరు, అప్పు మీద ఆయన పేరు ఒకే రోజు పోవాలి. ఆయన మంచికీ అదే.

మీరే ఉంచుకోవాలనుకుంటే ముందు బ్యాంకుకి వెళ్ళండి. మీ ఒక్కరి జీతం మీద లోను నడుస్తుందో లేదో వాళ్ళు మళ్ళీ లెక్కేస్తారు. ఒప్పుకున్నాకే రిలీజ్ డీడ్, అంటే ఆయన తన వాటా మీకు వదులుకునే పత్రం. అది తప్పకుండా రిజిస్టర్ కావాలి, వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాసుకున్న ఒప్పందం చెల్లదు. కుటుంబ సభ్యులకిచ్చే స్టాంపు డ్యూటీ తగ్గింపు మీకు రాదనుకునే డబ్బు పక్కన పెట్టుకోండి. ‘నాకేమీ వద్దు, అంతా నువ్వే తీసుకో’ అని ఆయన ఊరికే రాసిచ్చినా తీసుకోకండి. ఇన్‌కమ్ టాక్స్ దృష్టిలో మీరు ఆయనకి బంధువు కాదు. ఊరికే వచ్చిన వాటా విలువ 50 వేలు దాటితే దాని మీద పన్ను మీరే కట్టాలి. డబ్బిచ్చి, బ్యాంకు ద్వారా ఇచ్చి, తీసుకోండి. తర్వాత ఇంటి పన్ను, కరెంటు మీటరు పేర్లు మార్పించుకోవడం చిన్న పని.

మాటల్లో తేలకపోతే కోర్టు ఆవరణలోని న్యాయ సేవల సంస్థకి వెళ్ళండి. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ అక్కడ ఉచితంగా లాయరునిస్తారు, ఫోన్ 15100. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. అదీ కాకపోతే సివిల్ కోర్టులో పార్టిషన్ దావా, అంటే ఆస్తి పంపకం కోసం వేసే కేసు. ఫ్లాటుని గోడ కట్టి పంచలేం కాబట్టి అమ్మి డబ్బు పంచమని ఆయన అడగొచ్చు. అప్పుడు 1893 నాటి పార్టిషన్ చట్టం కింద, కోర్టు కట్టిన ధరకి ఆయన వాటా నేనే కొంటానని మీరు అడగొచ్చు. ఈ హక్కు గుర్తుంచుకోండి.

అమ్మానాన్నలకి చెప్పాలా వద్దా అన్నది నేను నిర్ణయించలేను. కానీ లోను ఒక్కరి పేరుకి మారేటప్పుడు బ్యాంకు ఇంకో కో-అప్లికెంట్‌ని అడిగితే మీ నాన్నగారి సంతకం కావాల్సి రావచ్చు. అప్పుడు హఠాత్తుగా తెలిసేకంటే, ఇప్పుడే ఒక శనివారం పుత్తూరు వెళ్ళిరండి. కాసులపేరు అమ్మిన కొట్టు బిల్లు ఇంకా ఉంటే, ఫైల్లో మొదటి కాగితంగా దాన్నే పెట్టండి.