పిట్టగోడ సంగతి కూడా బైబిల్లో ఉంది

"క్రైస్తవ విశ్వాసం వీధినీ ఊరినీ బాగుచేసుకోవడానికి పనికొస్తుందా, లేక అంతా పరలోకం గొడవేనా?" అని అడిగారు కదా. పనికొస్తుంది. మాది నరసాపురం దగ్గర పల్లె, చూసిందే చెప్తున్నాను.

మా పేటకీ మందిరానికీ మధ్య ఒక బోదె. దాని మీద కల్వర్టుకి రెండు పక్కలా అడ్డు లేదు. వానాకాలం నీళ్ళు రోడ్డుతో సమానంగా పారుతుంటే కాలు ఎక్కడ వేస్తున్నామో తెలిసేది కాదు. ఒక ఆదివారం రాత్రి కూడిక అయ్యాక కరెంటు పోయింది, మా మేనత్త మనవడి చెయ్యి పట్టుకుని వస్తూ వాడితో సహా బోదెలో పడింది. పిల్లాణ్ణి వెనకాల కుర్రాళ్ళు పైకి లాగేశారు గానీ అత్తకి తుంటి విరిగింది. అర్జీలు ఎప్పుడో ఇచ్చాం, అది మా పని కాదంటే మా పని కాదని తిప్పారు.

తర్వాతి వారం మా పాస్టరు అయ్యగారు ద్వితీయోపదేశకాండం 22లో ఎనిమిదో వచనం తీశారు. కొత్త ఇల్లు కట్టుకుంటే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పడి చస్తే ఆ దోషం ఆ ఇంటిదే అని ఉంటుంది. సండే స్కూల్లో పెరిగాను, దీని మీద ప్రసంగం ఎన్నడూ వినలేదు. "ఆ కల్వర్టు కూడా మన డాబాయే" అన్నారాయన. అంతే, మందిరం ఆర్చి కోసం పోగేసిన చందా కల్వర్టు గోడకి మళ్ళింది. పేటలో తాపీపనివాళ్ళకి కొదవ లేదు, ఆడవాళ్ళు తట్టలు మోశారు, రాములవారి గుడి కమిటీవాళ్ళు సిమెంటు ఇచ్చారు. ఇసుక దగ్గరే ఏడిపించారు. గోదావరి పక్కన పుట్టి ఇసుక కోసం బతిమాలుకోవాలి మనం!

సంఘ పెద్దలు కొందరు ఆర్చి పోయిందని అలిగి అటు తొంగిచూడలేదు. నెహెమ్యా మూడో అధ్యాయం చదవమనండి వాళ్ళని. యెరూషలేము గోడ కడుతుంటే కంసాలులు వచ్చారు, అత్తరు చేసేవాళ్ళు వచ్చారు, ఒకాయన కూతుళ్ళతో సహా వచ్చాడు, తెకోవ ఊరి గొప్పవాళ్ళు మాత్రం మెడ వంచలేదని ఊరి పేరు పెట్టి మరీ రాసి ఉంది.

ఇంకో మాట. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్లే మనం అన్నం తింటున్నాం. కాటన్ దొర విగ్రహానికి దండ వెయ్యని ఊరు లేదు, ఆయన గట్టి క్రైస్తవ భక్తుడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ భక్తి లేకపోతే ఆనకట్టే లేదంటాను నేను, చరిత్ర మాస్టార్లు ఒప్పుకోకపోయినా సరే.

ఇప్పుడు మా తగువు రోడ్డు ఎత్తు మీద. పాతది తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు రోడ్డు పోసేస్తున్నారు, పోసినప్పుడల్లా మా గుమ్మాలు పల్లమైపోయి వానొస్తే మురుగు వంటింట్లోకి వస్తోంది. దీనికి వచనం ఎక్కడుందో అయ్యగారు ఇంకా వెతుకుతున్నారు, మీకు తెలిస్తే కింద రాయండి.