పర్లాకిమిడి చెరువులో తెల్లవారేసరికి చేపలు తేలిపోతుంటే

తెల్లవారేసరికి చేపలు తేలిపోతున్నాయని, నీళ్ల మీద పచ్చటి నాచు ఉందని, మధ్యాహ్నం నీటిని పరీక్షిస్తే ఆక్సిజన్ బాగానే ఉందని చెప్పి మీరు మందు అడిగారు గానీ, ఇది జబ్బు కాదు, ఆక్సిజన్ కొరత అయ్యుంటుంది. నీళ్ల మీద పచ్చగా పేరుకున్న ఆ నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తనే పీల్చేస్తుంది. అందుకే మీ మధ్యాహ్నం పరీక్షలో అంతా బాగుందని వచ్చింది.

1. నీటిలోని ఆక్సిజన్‌ను సూర్యోదయానికి ముందు కొలవండి. చాలామంది వదిలేసేది ఇదే. లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపు ఉంటే ప్రమాదం. మబ్బు పట్టిన రోజుల్లో మరీ జాగ్రత్త.

2. అర్ధరాత్రి నుంచి ఎండ వచ్చేదాకా ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) నడపండి. లేకపోతే మోటారుతో అదే నీటిని తోడి పైనుంచి పడేలా కొట్టించండి.

3. మేత, పేడ, యూరియా ఆపండి.

4. నాచును చంపే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) మాత్రం చెరువంతా ఒకేసారి చల్లొద్దు, దయచేసి. నాచు చచ్చి కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది. నీలి-ఆకుపచ్చ రకమైతే దానిలోని విషం నీళ్లలో కలుస్తుంది, కాచినా పోదు. పశువులను అటు వెళ్లనివ్వకండి.