పసుపు పుస్తకం అడిగేది తిరిగి వచ్చేటప్పుడు

ప్రశ్న: మా అబ్బాయికి కెన్యాలో బోరు బండి మీద ఆపరేటరు పని దొరికింది. వచ్చే నెల 14న బెంగళూరు నుంచి ప్రయాణం. ఎల్లో ఫీవర్ టీకా సంగతి అడిగితే, ‘మన దేశం నుంచి వెళ్ళేవాళ్ళను అక్కడ అడగరు, డబ్బు దండగ’ అని ఏజెంటు అంటున్నాడు. కడపలో విచారిస్తే ఆ టీకా ఇక్కడ లేదన్నారు. ఏం చేయాలి?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: ఎల్లో ఫీవర్ దోమల వల్ల సోకే జ్వరం. దానికి టీకా వేయించుకున్నట్టు ధ్రువపత్రాన్ని పసుపు రంగు పుస్తకంలో రాసి ఇస్తారు. ఏజెంటు మాటలో సగం నిజముంది. కెన్యా ఈ ధ్రువపత్రాన్ని ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి వచ్చేవారినే అడుగుతుంది కాబట్టి, నేరుగా నైరోబీలో దిగే మీ అబ్బాయిని అడగకపోవచ్చు. విమానం అడిస్ అబాబాలో చాలాసేపు ఆగి వెళ్ళేదైతే మాత్రం, ఇథియోపియా కూడా అలాంటి దేశమే గనుక, అడగవచ్చు. అయితే అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. మన ప్రభుత్వం కెన్యాను ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉంచింది. అక్కడి నుంచి వచ్చేవారు మన పౌరులే అయినా, ధ్రువపత్రం చూపలేకపోతే విమానాశ్రయ ఆరోగ్యాధికారులు 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. చెల్లెలి పెళ్ళికని వారం సెలవు పెట్టి వచ్చినవాడికి ఆ 6 రోజులు పోతే ఏం మిగులుతుందో మీరే ఊహించండి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ఈ జ్వరం మన దేశంలో లేకపోయినా, దాన్ని మోసే ఈడిస్ ఈజిప్టై దోమ మన ఇళ్ళ నీటితొట్లలోనే పెరుగుతోంది. మనకు డెంగీ అంటించేదీ అదే. వ్యాధి సోకినవారిలో సాధారణంగా 3 నుంచి 6 రోజుల్లో లక్షణాలు బయటపడతాయి, ఆ 6 రోజుల లెక్క అక్కడి నుంచి వచ్చిందే.

టీకా వేసిన 10 రోజుల తర్వాతనే ధ్రువపత్రం చెల్లుతుంది. దిగేనాటికి అబ్బాయికి రక్షణ ఉండాలంటే 4వ తేదీకల్లా టీకా పడాలి, ఇంకా ముందైతే మంచిది. ఈ టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో మాత్రమే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), చెన్నైలో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ అలాంటివి. మీకు చెన్నై దగ్గర. ఒక సీసాలో పలువురికి సరిపడే మందు ఉంటుంది, కలిపిన 6 గంటల్లోగా వాడేయాలి. అందుకే ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికి, చెప్పిన రోజునే వేస్తారు. ఫోను చేయకుండా రాత్రి బస్సెక్కి వెళ్ళవద్దు. ఇది కోడిగుడ్డు పిండాల్లో తయారయ్యే సజీవ (బలహీనపరిచిన వైరస్ ఉన్న) టీకా కాబట్టి, గుడ్డు పడనివారు, 60 ఏళ్ళు దాటినవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి.

పసుపు పుస్తకం చేతికి ఇచ్చిన వెంటనే, కౌంటరు వదలకముందే చదువుకోవాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు రాశారా, వైద్యుడు చేతితో సంతకం చేశారా అన్నవి చూసుకోవాలి. కేంద్రం ముద్ర తప్పనిసరి, కానీ అది సంతకానికి బదులు కాదు. మీ అబ్బాయి కూడా అందులో సంతకం చేయాలి.

ప్రశ్న: నేను 2012లో ఘనా వెళ్తూ ఈ టీకా వేయించుకున్నాను. పుస్తకంలో 2022 వరకే గడువు ఉంది. మళ్ళీ వెళ్ళాల్సి వస్తోంది. ఇంకోసారి వేయించుకోవాలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అక్కర్లేదు. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల సవరణ 2016 జులై 11 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటి నుంచి ఎల్లో ఫీవర్ ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుంది. అంతకుముందు ఇచ్చినవాటికీ ఇదే వర్తిస్తుంది. పాత తేదీని కొట్టేసి ‘జీవితాంతం’ అని మీరే రాసుకునే పని మాత్రం చేయవద్దు. దిద్దుబాట్లు, చెరిపివేతలు ఉంటే ధ్రువపత్రం చెల్లదని చెప్పే అధికారం దాన్ని తనిఖీ చేసేవారికి ఉంది. గడువు తేదీని అలాగే ఉండనివ్వండి. పాస్‌పోర్టు మారి ఉంటే పాతదాన్ని కూడా వెంట ఉంచుకోండి.

ప్రశ్న: అమ్మానాన్నలను ఉమ్రాకు పంపుతున్నాం. మెదడువాపు టీకా అంటున్నారు, ఏది వేయించాలి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: సౌదీ అరేబియా అడిగేది మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా, అదీ ఏ, సీ, వై, డబ్ల్యూ-135 అనే నాలుగు రకాలకూ పనిచేసేది. మన దగ్గర పిల్లలకు వేసే జపనీస్ మెదడువాపు టీకా వేరు. పేర్ల పోలికతో పొరబడకండి. సౌదీలో దిగడానికి కనీసం 10 రోజుల ముందు వేయించాలి. ఇందులో కాంజుగేట్ రకానికి 5 ఏళ్ళు, పాలీశాకరైడ్ రకానికి 3 ఏళ్ళు చెల్లుబాటు. ధ్రువపత్రంలో రకం రాయకపోతే 3 ఏళ్ళుగానే లెక్కవేస్తారు. అందుచేత కాంజుగేట్ వేయించి, ఆ మాట ధ్రువపత్రంలో ఇంగ్లీషులో స్పష్టంగా రాయించుకోండి.