‘నేను లేకపోతే మీకే హాయి’ అంటున్న తమ్ముడిని ఏమని అడగాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. తమ్ముడికి 24 ఏళ్లు. మధురవాడలో చేస్తున్న ఉద్యోగం ఆర్నెల్ల కిందట పోయింది. బెట్టింగ్‌లో డబ్బు పోగొట్టుకుని, దాన్ని పూడ్చడానికి లోన్ యాప్‌లలో అప్పులు చేశాడని ఈమధ్యే తెలిసింది. రాత్రిళ్లు నిద్రపోడు, తాగుతున్నాడు, చిన్న మాటకే విరుచుకుపడుతున్నాడు. మొన్న "నేను లేకపోతే మీకే హాయి" అన్నాడు. "మగపిల్లాడివి, ఏటి ఆ మాటలు" అని నాన్న కేకలేశారు. గట్టిగా అడిగితే లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: అడగండమ్మా. ఈరోజే, అతను తాగకముందే అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఈ విషయంలో పరిశోధనలు స్పష్టంగా ఉన్నాయి. ఆలోచన ఉన్నవాడికైతే ఎవరో ఒకరు పేరు పెట్టి అడిగారన్నదే పెద్ద ఊరట.

ఎదురుగా కూర్చోబెట్టి నిలదీస్తే ఈ వయసు మగపిల్లలు నోరు విప్పరు. టీ తాగొద్దాం రమ్మని బయటికి తీసుకెళ్లండి. పక్కపక్కన నడుస్తూ, మొహంలోకి చూడకుండా అడిగితే మాట తేలిగ్గా వస్తుంది. "ఒరేయ్, మొన్న నువ్వన్న మాటకి నాకు నిద్ర పట్టట్లేదురా. నిజం చెప్పు, చచ్చిపోవాలనిపిస్తోందా?" ఇంత సూటిగానే అడగాలి. "పిచ్చి ఆలోచనలేం లేవు కదా" అని అడిగితే "లేవు" అనే చెబుతాడు. అడిగాక మీరు మాట్లాడకండి. అతని మౌనం ఎంతసేపైనా సరే, ఆగండి.

"అవును" అంటే ఏడవకండి, నీతులు చెప్పకండి. "అమ్మానాన్నా ఏమైపోతారో ఆలోచించావా" అన్న మాట అసలే వద్దు. తాను ఇంటికి బరువని అతను ఇప్పటికే నమ్ముతున్నాడు. ఆ మాటతో తప్పు చేశానన్న బాధ ఇంకా పెరుగుతుంది. "ఎప్పటినుంచి? ఎలా, ఎప్పుడు అని ఏమైనా అనుకున్నావా?" అని మాత్రం అడగండి. అనుకున్నానంటే ఇక ఒక్క గంట కూడా ఒంటరిగా వదలొద్దు. అదేరోజు డాక్టరుకు చూపించాలి.

కోపం, తాగుడు, నిద్రలేమి చూసి దారి తప్పాడనుకుంటారు గానీ, మగపిల్లల్లో దిగులు చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని నేర గణాంకాల సంస్థ లెక్క. ప్రతి పదిమందిలో ఏడుగురు మగవాళ్లే. నాన్నగారితో విడిగా మాట్లాడండి. ఆయన అన్నది ప్రేమతోనే కావచ్చు, కానీ "మగాడివి" అన్న మాటతో వాడి నోరు మూతపడుతోంది. "ఏదైనా సరే నేనున్నాను" అని ఆయన నోటివెంట ఒక్కసారి వస్తే, మీరు పది చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

చనిపోవాలన్న తెగింపు చాలామందిలో కొద్ది నిమిషాలో గంటలో ఉధృతంగా ఉండి తగ్గుతుంది. ఆ కాస్త సమయంలో ప్రమాదకరమైనవి చేతికి అందకపోవడమే ప్రాణం నిలుపుతుంది. ఇంట్లో అమ్మ బీపీ, షుగర్ మాత్రలతో సహా మందులన్నీ, ఎలుకల మందు లాంటివీ తాళం వేయండి, లేదా బంధువుల ఇంటికి చేర్చండి. మద్యం ఆ తెగింపును పెంచుతుంది కాబట్టి ఇంట్లో సీసా ఉండకూడదు. గదిలో పడుకోనివ్వండి, గడియ మాత్రం వేసుకోవద్దనండి.

ఎటూ తోచనప్పుడు 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. తమ్ముడే చేయాలని లేదు, మీరూ చేయొచ్చు. చూపించడానికి చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు చెప్పగానే ఇంట్లో ముఖాలు మారతాయి, "పిల్లనెవరిస్తారు" అంటారు. అక్కడికి నిద్ర పట్టనివాళ్లు, తాగుడు మానలేనివాళ్లు, దిగులు పడ్డవాళ్లు కూడా వస్తారని చెప్పండి.

దిగులుకు మందులు రాస్తే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఎక్కువమంది "పనిచేయట్లేదు" అని మానేసేది ఇక్కడే. 25 ఏళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో కొందరికి కంగారు, చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు. అలా అనిపిస్తే మీరే ఆపేయకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి. ఒక్కసారికి వారానికి సరిపడా మందులే తెచ్చి మీ దగ్గర ఉంచుకోండి.

ఇక అప్పులు. ఇద్దరూ కూర్చుని ఏ యాప్, చేతికి వచ్చింది ఎంత, కట్టింది ఎంత అని కాగితం మీద రాయండి. రాశాక చాలాసార్లు అది తలలో తిరుగుతున్నంత పెద్దదిగా కనిపించదు. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు వద్దు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు తీసుకోవడానికీ వీల్లేదు. బెదిరింపు మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. మార్ఫింగ్ ఫొటోలు పంపుతామంటే అలాంటివి వస్తే నమ్మొద్దని ముందే బంధువులకు మీరే ఒక మెసేజ్ పెట్టేయండి. పరువు పోతుందన్న భయం మీదే వాళ్ల వ్యాపారం నడిచేది.

ఎప్పుడైనా ఏదైనా మింగాడని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. 108కి ఫోన్ చేసి, డబ్బానో అట్టనో వెంట తీసుకుని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రికి వెళ్లండి. పోలీసు కేసవుతుందని ఆలస్యం చేయొద్దు. ఆసుపత్రిలో వివరాలు నమోదు చేస్తారు, పోలీసులకు సమాచారం వెళ్లినా భయపడొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు.

అంతగా కుమిలిపోయినవాడు హఠాత్తుగా ప్రశాంతంగా మారి, బండో ఫోనో ఎవరికో ఇచ్చేస్తుంటే తేరుకున్నాడని సంబరపడకండి. మళ్లీ సూటిగా అడగండి. వాయిదా కట్టాల్సిన తేదీలు, ఇంటర్వ్యూ ఫలితం వచ్చే రోజు క్యాలెండర్లో గుర్తుపెట్టుకుని ఆ రోజుల్లో ఎవరో ఒకరు పక్కన ఉండండి. ఈ కాపలా మీ ఒక్కరి వల్ల కాదు. వాడికి నచ్చిన స్నేహితుణ్నో మేనమామనో కలుపుకుని, రాత్రిళ్లు వంతులు వేసుకోండి.